గాలం రీల్ ఎంపిక: స్పూల్ తిరుగుతుందా, తిరగదా?

బట్టలు కుట్టే దారం రీలు ఒకటి చేతిలోకి తీసుకోండి. దాన్ని కదలనివ్వకుండా పట్టుకుని దారాన్ని పైకొస మీదుగా నిలువుగా లాగితే చుట్టలు చుట్టలుగా జారి వస్తుంది, రీలు మాత్రం తిరగదు. అదే రీలును ఓ పుల్లకు గుచ్చి దారాన్ని పక్కనుంచి లాగితే గిరగిరా తిరుగుతూ వదులుతుంది. లాగడం ఆపినా అది వెంటనే ఆగదు. కాసేపు తిరుగుతూనే ఉండి, వదిలిన దారాన్ని తన చుట్టూ తానే చిక్కు చేసుకుంటుంది.

చేపల గాలానికి వాడే రీళ్ళన్నీ ఈ రెండింటిలో ఏదో ఒక పద్ధతిలో పనిచేస్తాయి. స్పిన్నింగ్, స్పిన్‌కాస్ట్ రీళ్ళలో ఎర విసిరినప్పుడు స్పూల్, అంటే దారం చుట్టి ఉండే కండె, కదలదు. బెయిట్‌కాస్టింగ్, ట్రోలింగ్, ఫ్లై, సెంటర్‌పిన్ రీళ్ళలో స్పూల్ తిరుగుతుంది. ఎంత తేలిక ఎర విసరగలం, దారం ఎందుకు మెలితిరుగుతుంది, ఎందుకు చిక్కుపడుతుంది, పెద్ద చేపను లాగేటప్పుడు రీల్ ఎందుకు మూలుగుతుంది అనే ప్రశ్నలకు సమాధానాలన్నీ ఇక్కడి నుంచే వస్తాయి. పెట్టె మీద పెద్ద అక్షరాలతో అచ్చేసే బేరింగుల సంఖ్య, గేర్ రేషియో (హ్యాండిల్ ఒక తిప్పుకు స్పూల్ గానీ దాని చుట్టూ ఉండే రోటర్ గానీ ఎన్నిసార్లు తిరుగుతుందో), కిలోల్లో డ్రాగ్ (చేప గట్టిగా లాగితే దారం తెగకుండా జారనిచ్చే బ్రేకు బిగువు) ఆ తర్వాత చూసుకోవలసినవి. కొత్తవాళ్ళు చాలామంది వాటితోనే మొదలుపెట్టి తప్పులో కాలేస్తారు.

స్పూల్ కదలని రీళ్ళు

స్పిన్నింగ్ రీల్ రాడ్ కింద వేలాడుతుంది. దాని స్పూల్ ముఖం రాడ్ కొస వైపు ఉంటుంది. బెయిల్ అనే వంపు తీగను పక్కకు తెరిచి, దారాన్ని చూపుడు వేలికి ఆనించి, విసిరే క్షణంలో వేలు వదిలితే దారం స్పూల్ అంచు మీదుగా చుట్టలుగా జారిపోతుంది. తిరిగి చుట్టేటప్పుడు కూడా స్పూల్ తిరగదు. దాని చుట్టూ రోటర్ తిరుగుతూ దారాన్ని చుడుతుంది. స్పూల్ మాత్రం ముందుకూ వెనక్కూ కదులుతూ చుట్లు సమంగా పడేలా చూస్తుంది. ఈ పద్ధతికి ఇంగ్లాండులో 1905లో పేటెంట్ తీసుకున్న ఆల్ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్ బట్టల మిల్లుల యజమాని. కండె కొస నుంచి నూలు జారిపోవడం రోజూ చూసేవాడికి ఈ ఊహ తట్టడంలో వింతేమీ లేదు.

ఎర తన బరువుతో దేన్నీ తిప్పనక్కర్లేదు కాబట్టి 2 గ్రాముల ఎర కూడా ఈ రీల్‌తో దూరం పోతుంది. ఎదురుగాలి వీచినా, చెట్టు కొమ్మల కింద నుంచి అడ్డదిడ్డంగా విసిరినా స్పూల్ పరుగెత్తి చిక్కు పడే ప్రమాదం లేదు. మొదటి రీల్ కొనేవాళ్ళకు ఎక్కువమంది దీన్నే చెప్పడానికి కారణం ఇదే. అది మంచి సలహానే.

దీని అసలు జబ్బు దారం మెలితిరగడం. కొస నుంచి జారే ప్రతి చుట్టూ దారంలో ఒక మెలిక వేస్తుంది. తిరిగి చుట్టినప్పుడు ఆ మెలిక విడిపోతుంది. విసిరినంత, చుట్టినంత సమానమైతే పేచీ లేదు. అది సమానం కానప్పుడే గొడవ మొదలవుతుంది. చాలామంది గుర్తించని పెద్ద కారణం ఒకటుంది. చేప దారం లాక్కుపోతూ డ్రాగ్ జారుతుంటే కంగారులో హ్యాండిల్ తిప్పుతూనే ఉంటారు. అప్పుడు రోటర్ తిరుగుతుంది కానీ దారం లోపలికి రాదు. రోటర్ తిరిగిన ప్రతిసారీ దారంలో ఒక మెలిక పడుతుంది. గేర్ రేషియో 6:1 అయితే హ్యాండిల్‌ని పది సార్లు అలా వృథాగా తిప్పితే 60 మెలికలు. రెండు పెద్ద చేపలు పట్టేసరికి దారం పాత టెలిఫోన్ తీగలా తయారవుతుంది. డ్రాగ్ చప్పుడు వినబడుతున్నంతసేపూ హ్యాండిల్ ముట్టుకోకూడదు. రాడ్ ఎత్తి చేపను దగ్గరికి లాగి, రాడ్ దించుతూ వదులైన దారాన్ని చుట్టుకోవాలి.

రెండో కారణం దారం ఎక్కించే తీరు. కొత్త దారపు చక్రాన్ని నేల మీద పడుకోబెట్టి, రాడ్ కింది రింగు గుండా దారం తెచ్చి స్పూల్‌కి కట్టి, రెండు వేళ్ళ మధ్య కొద్దిగా బిగువుగా పట్టుకుని 5 మీటర్లు చుట్టండి. ఆపి దారాన్ని వదులు చేయండి. అది చక్రం పక్కన ప్రశాంతంగా వేలాడితే సరే. చుట్టుకుపోతూ మెలికలు వేస్తుంటే నేల మీది చక్రాన్ని తిరగేసి పెట్టండి. స్పూల్ అంచుకు 2 మి.మీ. లోపల వరకు నింపితే చాలు. అంతకన్నా ఎక్కువైతే విసిరినప్పుడు గుత్తులు గుత్తులుగా ఊడివస్తుంది. తక్కువైతే ప్రతి చుట్టూ అంచుకు రాసుకుని దూరం తగ్గుతుంది. సన్న పోగులతో అల్లిన బ్రెయిడ్ దారమైతే నున్నటి స్పూల్ మీద పట్టు దొరకదు. అడుగున మోనో దారం (ఒంటిపోగు నైలాన్) ఓ పది చుట్లు వేసి, దానికి బ్రెయిడ్ కట్టాలి. లేకపోతే ఎంత డ్రాగ్ బిగించినా మొత్తం దారపు కట్ట స్పూల్ మీదే జారి తిరుగుతుంది, మనం డ్రాగ్ పాడైందనుకుంటాం.

మూడోది బెయిల్. హ్యాండిల్ తిప్పితే అదే మూసుకుంటుంది కాబట్టి అందరూ అలాగే చేస్తారు. ఎర నీళ్ళలో పడ్డాక దారం వదులుగా ఉన్నప్పుడు అలా మూస్తే ఒక వదులు చుట్టు స్పూల్ మీద మిగిలిపోతుంది. తర్వాతి విసురులో అది మిగతా చుట్లను లాక్కుంటూ వచ్చి గాలిలో ముడి పడుతుంది. బ్రెయిడ్‌లో ఈ ముడి విప్పడం దాదాపు అసాధ్యం. చేత్తో బెయిల్ మూసి, దారాన్ని ఒక్కసారి కొద్దిగా లాగి బిగువు చేసి, అప్పుడు హ్యాండిల్ తిప్పే అలవాటు మొదటి రోజు నుంచే చేసుకోవాలి.

ఇప్పటికే మెలితిరిగిన దారానికి మందు ఉంది. ఎర, కొక్కెం, బరువు అన్నీ తీసేసి, ఉత్త దారాన్ని పారే నీటిలోకో, కదిలే పడవ వెనక్కో 50 మీటర్లు వదిలి రెండు నిమిషాలు ఉంచి, వేళ్ళ మధ్య నొక్కి పట్టుకుంటూ చుట్టుకుంటే చాలావరకు విడిపోతుంది.

స్పిన్నింగ్ రీళ్ళ మీద 1000, 2500, 4000 వంటి అంకెలు పరిమాణాన్ని చెబుతాయి. ఇవి ఏ ప్రమాణానికీ కట్టుబడినవి కావు. ఒక కంపెనీ 3000 మరో కంపెనీ 4000 అంత ఉండొచ్చు. స్పూల్ మీద రాసే 0.25/160 లాంటి గుర్తును నమ్మండి. 0.25 మి.మీ. మందం దారం 160 మీటర్లు పడుతుందని దానర్థం. వేరే మందానికి లెక్క కావాలంటే మందాల నిష్పత్తిని వర్గం చేయాలి. 0.30 మి.మీ. దారమైతే అదే స్పూల్‌లో సుమారు 110 మీటర్లే పడుతుంది. స్థూలంగా 5 గ్రాముల లోపు ఎరలకు 1000, 5 నుంచి 15 గ్రాములకు 2500, 15 నుంచి 40 గ్రాములకు 4000 పరిమాణం సరిపోతాయి. ఒడ్డు నుంచి 100 గ్రాములు దాటిన బరువులు విసిరేవాళ్ళకు 8000, అంతకు మించినవి కావాలి. ఒక్క రీల్‌తో సరిపెట్టుకోవాలంటే 2500. మరీ మందపాటి మోనోను చిన్న స్పూల్ మీద చుడితే అది స్ప్రింగులా విప్పుకుని మొదటి రింగుకు టపటపా కొట్టుకుంటుంది. 2500 మీద 0.28 మి.మీ. దాటకపోవడం మంచిది.

ఎర కదలకుండా వేసి చేప తీసుకునేదాకా వేచి ఉండేవాళ్ళకు ఇందులోనే ఇంకో రకం ఉంది. దాన్ని బెయిట్‌రన్నర్ అంటారు. వెనక ఉన్న మీట నొక్కితే అసలు డ్రాగ్ పక్కకు తప్పుకుని, చాలా తేలికైన రెండో డ్రాగ్ మీద స్పూల్ జారుతుంది. చేప ఎర నోట కరుచుకుని అనుమానం లేకుండా పోతుంది. హ్యాండిల్ తిప్పగానే అసలు డ్రాగ్ పట్టుకుంటుంది. రాడ్‌ని స్టాండు మీద పెట్టి కూర్చునేవాళ్ళకు ఇది లేకపోతే ఏదో ఒక రోజు రాడ్ మొత్తం నీళ్ళలోకి పోతుంది.

ఇక స్పిన్‌కాస్ట్. ముందు మూత, వెనక బొత్తాం. బొత్తాం నొక్కి పట్టుకుని, విసిరేటప్పుడు వదిలేయడమే. దీన్ని 1949లో అమెరికాలో మొదట మార్కెట్లోకి తెచ్చిన జెబ్కో అసలు పేరు జీరో అవర్ బాంబ్ కంపెనీ. చమురు బావుల్లో పేల్చే టైం బాంబులు తయారుచేసేది. పిల్లల చేతికి ఇవ్వడానికి ఇంతకన్నా తేలికైన రీల్ లేదు. కానీ మూత లోపల దారం రాపిడికి గురై దూరం తగ్గుతుంది, పట్టే దారం కొంచెమే, డ్రాగ్ నాసిరకం. నీళ్ళూ ఇసుకా లోపల చేరితే బయటికి రావు. బ్రెయిడ్ వేయకూడదు. 0.20 నుంచి 0.28 మి.మీ. మోనో దీనికి తగినది.

స్పూల్ తిరిగే రీళ్ళు

బెయిట్‌కాస్టింగ్ రీల్ రాడ్ పైన కూర్చుంటుంది. 19వ శతాబ్దం తొలినాళ్ళలో అమెరికాలోని కెంటకీలో గడియారాలు చేసే జార్జ్ స్నైడర్ వంటివాళ్ళు మలిచిన రీళ్ళు దీనికి పూర్వీకులు. హ్యాండిల్ ఒక్కసారి తిప్పితే స్పూల్ పలుమార్లు తిరిగేలా గేర్లు పెట్టడం వాళ్ళ పని. హ్యాండిల్ ఇరుసు, స్పూల్ ఇరుసు రెండూ సమాంతరంగా ఉంటాయి కాబట్టి శక్తి నేరుగా దారానికి చేరుతుంది. స్పిన్నింగ్ రీల్‌లో గేర్లు శక్తిని 90 డిగ్రీలు మళ్ళించాలి, దారం కూడా బెయిల్ కొసనున్న చిన్న లైన్ రోలర్ దగ్గర అంతే వంపు తిరగాలి. అందుకే బరువైన చేప వచ్చినప్పుడు చిన్న స్పిన్నింగ్ రీల్ రోటర్ వంగుతూ మూలుగుతుంది, అదే పరిమాణం బెయిట్‌కాస్టర్ మాత్రం నిబ్బరంగా లాగుతుంది. నీటి మొక్కల్లోంచి, మునిగిన దుంగల మధ్య నుంచి చేపను బయటికి లాగాలంటే ఇదే కావాలి.

ఆ బలానికి చెల్లించే మూల్యం చిక్కు. విసిరిన క్షణంలో ఎర స్పూల్‌ని వేగంగా తిప్పుతుంది. గాలి అడ్డుకోవడంతో ఎర నెమ్మదిస్తుంది. స్పూల్ తన ఊపులో తాను తిరుగుతూనే ఉంటుంది. పోయే దారం కన్నా విప్పుకున్న దారం ఎక్కువై స్పూల్ మీద పిచ్చుక గూడు తయారవుతుంది. తేలిక ఎరకు స్పూల్‌ని తిప్పేంత బరువు ఉండదు కాబట్టి మామూలు బెయిట్‌కాస్టర్‌కి 7 గ్రాముల లోపు ఎరలు పనికిరావు. 2 నుంచి 5 గ్రాముల కోసమే చేసిన బెయిట్ ఫినెస్ రీళ్ళు ఉన్నాయి. లోతు తక్కువ, బరువు తక్కువ స్పూల్, కొద్దిపాటి సన్న దారం వాటి రహస్యం. ఇవి రెండో రీల్‌గానో మూడో రీల్‌గానో కొనుక్కునేవి.

చిక్కును ఆపేందుకు మూడు ఏర్పాట్లుంటాయి. వీటిని ఒకదానితో ఒకటి కలగాపులగం చేయడం వల్లే చాలామంది ఈ రీల్‌ని అటకెక్కిస్తారు. హ్యాండిల్ పక్కన ఉండే చిన్న గుండ్రటి నాబ్ స్పూల్ ఇరుసును పక్కల నుంచి నొక్కుతుంది. ఇది విసురు మొదలు నుంచి చివరి దాకా ఒకేలా పట్టుకుంటుంది. సెంట్రిఫ్యూగల్ బ్రేక్ వేరు. స్పూల్ పక్కన ఉండే చిన్న ముక్కలు తిరుగుడు వేగానికి బయటికి జరిగి ఓ వలయానికి రాసుకుంటాయి. ఆ ఒత్తిడి వేగం వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. అందుకే విసురు మొదట్లో, స్పూల్ అతివేగంగా ఉన్నప్పుడు గట్టిగా పట్టి, చివరికొచ్చేసరికి దాదాపు మాయమవుతుంది. మ్యాగ్నెటిక్ బ్రేక్‌లో అయస్కాంతాలు స్పూల్‌ని తాకవు. తిరిగే అల్యూమినియంలో అవి పుట్టించే విద్యుత్ ప్రవాహమే దాన్ని వెనక్కి పట్టుకుంటుంది. ఆ పట్టు వేగానికి తగ్గట్టుగా మారుతుంది కాబట్టి విసురు సగంలోనూ చివర్లోనూ ఇంకా కొంత మిగిలి ఉంటుంది. బయట డయల్ తిప్పి సరిచేసుకోవచ్చు కాబట్టి నేర్చుకునేవాళ్ళకు మ్యాగ్నెటిక్ తేలిక. దూరం విసిరేవాళ్ళు సెంట్రిఫ్యూగల్‌ని ఇష్టపడతారు.

సరిచేసే క్రమం ఇది. వాడబోయే ఎర కట్టి, రాడ్‌ని కొంచెం పైకి పట్టుకుని, బొటనవేలి మీట నొక్కి స్పూల్ వదలండి. ఎర నెమ్మదిగా దిగాలి, నేలకు తాకగానే స్పూల్ ఆగిపోవాలి. ఇంకా ఓ చుట్టు తిరిగితే నాబ్ బిగించండి, ఎర అసలు దిగకపోతే వదులు చేయండి. బ్రేక్ డయల్ పదిలో ఎనిమిది మీద పెట్టండి. ఎర మారిస్తే నాబ్ మళ్ళీ సరిచూడాలి. 20 గ్రాములకు కుదిరిన అమరిక 10 గ్రాములకు కుదరదు. చేయి తిరిగేకొద్దీ ముందు నాబ్‌ని వదులు చేసుకుంటూ, ఆ తర్వాత డయల్‌ని ఒక్కో అంకె తగ్గించుకుంటూ పోవాలి.

చిక్కు ఎప్పుడు పడిందో గమనిస్తే కారణం తెలిసిపోతుంది. విసిరిన వెంటనే పడితే రాడ్‌ని కుదుపుతో విసిరారు, లేదా బ్రేక్ చాలలేదు. గాలిలో సగం దూరంలో పడితే ఎదురుగాలి, లేదా గాలికి అడ్డుపడే వెడల్పు ఎర. ఎర నీళ్ళకు తాకినప్పుడు పడితే బొటనవేలు ఆలస్యమైంది. చివరి దానికి ఏ బ్రేకూ పూచీ పడదు. ఎర నీళ్ళలో పడేలోపే బొటనవేలు స్పూల్ మీద ఆనాలి, అంతే.

పడ్డ చిక్కును గోళ్ళతో పీకకండి. బొటనవేలితో స్పూల్‌ని గట్టిగా నొక్కి పట్టి హ్యాండిల్‌ని రెండు మూడు సార్లు తిప్పండి. వేలు తీసి, మీట నొక్కి దారం లాగండి. రెండు మూడు ప్రయత్నాల్లో చిన్న చిక్కులు విడిపోతాయి. దారం మడత పడి తెల్లగా నలిగిన చోట బలం పోతుంది, అక్కడి వరకు కోసేయడం మేలు. నేర్చుకునే రోజుల్లో 0.32 మి.మీ. మోనో వేసి, 15 గ్రాముల పైచిలుకు బరువుతో ఖాళీ మైదానంలో సాధన చేయండి. ముందు బాగా దూరం విసిరి, ఇంకో పది మీటర్లు దారం లాగి, స్పూల్ మీద మిగిలిన దారంపై టేపు ముక్క అంటించి మళ్ళీ చుట్టేసుకుంటే చిక్కు ఎంత ఘోరంగా పడినా టేపు కిందికి పోదు. బ్రెయిడ్‌కి మారాక 30 పౌండ్ల లాగుడుకు తెగే దారం కన్నా సన్నది వద్దు. సన్న బ్రెయిడ్ బిగువుగా లాగినప్పుడు కింది చుట్ల మధ్యకు దూరిపోయి, తర్వాతి విసురు అక్కడ ఠక్కున ఆగుతుంది. ఎర మాత్రం తెగి ముందుకు పోతుంది.

కొనేటప్పుడు ఎక్కువమంది మరిచేది హ్యాండిల్ ఎటువైపు అన్నది. స్పిన్నింగ్ రీల్ హ్యాండిల్‌ని ఊడదీసి అటు మార్చుకోవచ్చు. బెయిట్‌కాస్టర్‌ది మారదు, కుడి హ్యాండిల్, ఎడమ హ్యాండిల్ వేర్వేరు రీళ్ళు.

పడవల మీది పెద్ద రీళ్ళు

ట్రోలింగ్, కన్వెన్షనల్ అని పిలిచే పెద్ద రీళ్ళూ బెయిట్‌కాస్టర్ కుటుంబమే. వీటితో విసిరేది తక్కువ. పడవ వెనక ఎరను ఈడ్చడానికో, నిలువునా లోతుకు దించడానికో వాడతారు. ఇక్కడ తేల్చుకోవలసింది డ్రాగ్ ఏ రకమని. స్టార్ డ్రాగ్‌లో హ్యాండిల్ కింద నక్షత్రం ఆకారపు చక్రం తిప్పితే ప్రధాన గేర్ లోపలి వాషర్లు బిగుస్తాయి. చవక, తేలిక, మరమ్మతు సులువు. కానీ చేప పోరాడుతుండగా ఎంత తిప్పామో, మొదట ఎక్కడుందో గుర్తుండదు. లీవర్ డ్రాగ్‌లో మీటను ముందుకు జరిపేకొద్దీ స్పూల్ మొత్తం జరిగి పెద్ద డిస్కుకు ఒత్తుకుంటుంది. ముందే తూచి పెట్టుకున్న 'స్ట్రైక్' స్థానానికి చేప మీద ఉండగా ఎన్నిసార్లయినా కచ్చితంగా తిరిగి రావచ్చు. ఆ బిగువును ముందే కుదిర్చే ప్రీసెట్ నాబ్‌ని మీట పూర్తిగా 'ఫ్రీ'లో ఉన్నప్పుడే తిప్పాలి. మీట ముందుకు ఉండగా తిప్పితే లోపలి భాగాల మీద అనవసరపు ఒత్తిడి పడుతుంది.

దారాన్ని అటూ ఇటూ సమంగా పరిచే లెవెల్‌వైండ్ ఉంటే కొత్తవాళ్ళకు హాయి. లేకపోతే చుట్టేటప్పుడు బొటనవేలితో మనమే పరచాలి. మరిచిపోతే దారం ఒక పక్కనే గుట్టపడి పై కడ్డీకి తగిలి, చేప పరుగు మధ్యలో రీల్ బిగుసుకుపోతుంది. రెండు వేగాల రీళ్ళలో బొత్తాం నొక్కితే గేర్ రేషియో సుమారు సగానికి పడిపోతుంది. లోతు నుంచి మొండికేసిన చేపను పైకి తేవడానికి అదొక వరం.

ఫ్లై రీల్ వీటన్నిటికీ దూరపు చుట్టం. ఇక్కడ విసిరేది ఎరను కాదు, దారపు బరువునే. రీల్‌కి విసురులో పాత్ర లేదు. హ్యాండిల్ ఒకసారి తిప్పితే స్పూల్ ఒకసారే తిరుగుతుంది. 1874లో చార్లెస్ ఓర్విస్ పేటెంట్ పొందిన చిల్లుల స్పూల్ రూపం, దారం ఆరడానికీ బరువు తగ్గడానికీ పనికొచ్చేది, ఇప్పటికీ నడుస్తోంది. చిన్న చేపలకు టిక్‌టిక్‌మనే సాదా యంత్రం చాలు, దారమంతా లాక్కుపోయే చేపలకు డిస్క్ డ్రాగ్, వెడల్పు ఇరుసు కావాలి. సెంటర్‌పిన్‌కి గేరూ లేదు, డ్రాగూ లేదు. బేరింగు మీద తేలిగ్గా తిరిగే చక్రం, దాన్ని ఆపే అరచేయి. పారే నీటిలో బెండును ప్రవాహ వేగంతోనే దూరం పంపాలనుకునేవాళ్ళు దీన్ని వదలరు. మిగతావాళ్ళకు అవసరం లేదు.

పెట్టె మీది అంకెలు

గేర్ రేషియో 8.1:1 అంటే వేగవంతమని, 5.1:1 అంటే నెమ్మదని అనుకోవడం సగం నిజమే. హ్యాండిల్ ఒక తిప్పుకు వచ్చే దారం స్పూల్ వ్యాసం మీద కూడా ఆధారపడుతుంది. వ్యాసాన్ని 3.14తో, ఆపై రేషియోతో గుణించండి. 34 మి.మీ. స్పూల్ ఉన్న 6.3:1 బెయిట్‌కాస్టర్ తిప్పుకు 67 సెం.మీ. తెస్తుంది. 47 మి.మీ. స్పూల్ ఉన్న 5.1:1 స్పిన్నింగ్ రీల్ 75 సెం.మీ. తెస్తుంది. 'నెమ్మది' రీలే ముందుంది. అదే బెయిట్‌కాస్టర్‌లో దారం బాగా పోయి చుట్టు 26 మి.మీ.కి తగ్గితే 51 సెం.మీ.కి దిగుతుంది. కాబట్టి వేర్వేరు రకాలను పోల్చేటప్పుడు తిప్పుకు ఎన్ని సెంటీమీటర్లో చూడండి. నీళ్ళను గట్టిగా తోసే లోతు ఎరలకు నెమ్మది గేరు కావాలి, లేకపోతే సాయంత్రానికి మణికట్టు పోతుంది. అడుగున గెంతించే ఎరలకు, దారం వదులును చటుక్కున చుట్టుకోవడానికి వేగం కావాలి.

డ్రాగ్ విషయంలో పెద్ద అంకెకు మోసపోవద్దు. దారం తెగే బలంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకే డ్రాగ్ పెడతాం. 10 పౌండ్ల దారమంటే సుమారు 4.5 కిలోలు, దానికి 1.1 నుంచి 1.5 కిలోల డ్రాగ్. 2500 రీల్ మీద 10 కిలోల డ్రాగ్ అని రాసినా అది ఎన్నడూ వాడేది కాదు. చూడాల్సింది మెత్తదనం. దారాన్ని చేత్తో పట్టి నెమ్మదిగా లాగితే స్పూల్ మొదట బిగుసుకుని తర్వాత ఠక్కున కదిలితే అది చెడ్డ డ్రాగ్. ఆ తొలి కుదుపుకే సన్న దారాలు తెగుతాయి. తూచేటప్పుడు దారాన్ని రాడ్ రింగుల గుండా పోనిచ్చి, రాడ్ వంచి, కొసకు స్ప్రింగ్ త్రాసు తగిలించి లాగాలి. రీల్ దగ్గర తూస్తే రింగుల రాపిడి లెక్కలోకి రాదు.

ఇంకో కిటుకు. దారం పోయేకొద్దీ స్పూల్ మీది చుట్టు సన్నబడి, అదే అమరికకు డ్రాగ్ పెరుగుతుంది. నిండుగా 46 మి.మీ. ఉన్నప్పుడు 1.1 కిలోలు పెట్టింది, చుట్టు 32 మి.మీ.కి తగ్గాక సుమారు 1.6 కిలోలవుతుంది. దానికి తోడు దూరం పోయిన దారాన్ని నీళ్ళే లాగుతాయి. చేప దూరం పోయినప్పుడు కొత్తవాళ్ళు డ్రాగ్ బిగిస్తారు, చేయాల్సింది వదులు చేయడం. ఇంటికి వచ్చాక డ్రాగ్ పూర్తిగా వదులు చేసి దాచితే వాషర్లు నొక్కుకుపోకుండా ఉంటాయి.

బేరింగులు పది ఉన్నాయా, నాలుగు ఉన్నాయా అన్నది నాణ్యత గుర్తు కాదు. నాలుగు మంచి స్టెయిన్‌లెస్ బేరింగులు పది నాసిరకం వాటికన్నా మేలు. '4+1'లో ఆ ఒకటి హ్యాండిల్ వెనక్కి తిరగకుండా ఆపే రోలర్ క్లచ్. దానిలోకి గ్రీజు చేరితే రోలర్లు పట్టు తప్పి హ్యాండిల్ వెనక్కి జారుతుంది. బాగా గ్రీజు పెట్టాం కాబట్టి రీల్ బాగుండాలనుకునేవాళ్ళు చేసే పొరపాటిది. ఆ డబ్బు బేరింగుల మీద కాక బాడీ మీద పెట్టండి. గ్రాఫైట్ పేరుతో వచ్చే ప్లాస్టిక్ బాడీ ఉప్పుకు తుప్పు పట్టదు కానీ బరువుకు కాస్త వంగుతుంది. అల్యూమినియం వంగదు. మెగ్నీషియం తేలిక, కానీ పూత గీసుకుపోయిన చోట ఉప్పునీరు తినేస్తుంది. సముద్రం దగ్గర దాని జోలికి పోకపోవడమే మంచిది.

రాడ్ సంగతి

రీల్‌ని ఎంచుకోవడమంటే రాడ్‌ని కూడా ఎంచుకోవడమే. స్పిన్నింగ్ రాడ్ రింగులు కింద ఉంటాయి. చుట్టలుగా వచ్చే దారాన్ని క్రమంగా సన్నగా చేయడానికి మొదటి రింగు పెద్దది. బెయిట్‌కాస్టింగ్ రాడ్ రింగులు పైన, చిన్నవి, పిడి దగ్గర వేలు పట్టుకోవడానికి ట్రిగ్గర్. స్పిన్నింగ్ రీల్‌ని ఆ రాడ్‌కి తగిలిస్తే చుట్టలు చిన్న రింగు దగ్గర గొంతు పట్టినట్టు ఆగి, దూరం సగానికి పడిపోతుంది.

ఉప్పునీటిలో వాడిన రీల్‌ని కడిగేటప్పుడు ముందు డ్రాగ్ బిగించండి, నీళ్ళు వాషర్లలోకి పోవు. పైపు పెట్టి గట్టిగా కొడితే ఉప్పూ ఇసుకా ఇంకా లోపలికి పోతాయి. మంచినీటిని సన్నగా జల్లి, తుడిచి, ఆరాక డ్రాగ్ వదలండి. లైన్ రోలర్, బెయిల్ కీలు, హ్యాండిల్ పిడి దగ్గర ఒక్కో చుక్క నూనె. గ్రీజు గేర్లకే.

వాడిన రీల్ కొనేవాళ్ళు హ్యాండిల్‌ని నెమ్మదిగా తిప్పి చూడండి. ఇసుక నూరుతున్నట్టు వేలికి తగిలితే గేర్లు పోయినట్టే, బయటి మెరుపు ఎంతున్నా వదిలేయండి. స్పూల్ అంచు మీద గోరు పోనిచ్చి చూడండి, చిన్న గాటున్నా ప్రతి విసురులో దారం గీసుకుంటుంది. చివరగా బెయిల్ మూసి దారం లాగుతూ లైన్ రోలర్‌ని చూడండి. అది దారంతో పాటు తిరగకుండా నిలబడిపోయి, మీద సన్నటి గాడి పడి ఉంటే, ఆ గాడిలో పోయే దారం ఎంత కొత్తదైనా తెగుతుంది.